కెల్టు వీరుడి మీసం

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు నన్నడిగే మొదటి ప్రశ్న, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు మేడం అని. ఏదో ఒకటి నేర్చుకోండి. నాలుగేళ్లకు అది పోయి ఇంకోటి వస్తుంది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. రెండువేల ఏళ్ల కిందట యూరప్‌లో బతికిన కెల్టులనే యుద్ధవీరుల్ని కంప్యూటర్ గేముల కోసం మేం సికింద్రాబాదులో కూర్చుని ఎలా తయారుచేశామో చెబుతాను. అందులో నేను చేసిన ఒక పాడుపని ఉంది. దాన్ని దాటేసి మిగతాదంతా చెబుదామని రెండుసార్లు కూర్చున్నాను, కుదరలేదు.

నేనెలా వచ్చిపడ్డాను

మాది నరసాపురం. పెళ్లయి సికింద్రాబాదు వచ్చాక ఒక మిషన్ స్కూల్లో ఇరవై రెండేళ్లు డ్రాయింగ్ టీచరుగా చేశాను. వేసవి సెలవుల్లో కంప్యూటర్ మీద రంగులేయడం నేర్చుకున్నాను. రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులు. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ కల్నల్ గారింట్లో పై అంతస్తు అద్దెకు తీసుకుని మురళి అనే ఆయన స్టూడియో పెట్టాడు. ఆయనది విజయనగరం వైపు. విదేశీ గేమ్ కంపెనీలు ఆయనకు బొమ్మల పని పంపేవి. బొమ్మ అంటే కాగితం మీద బొమ్మ కాదు. చుట్టూ తిప్పి చూడగలిగే మనిషి, గుర్రం, కోట, కత్తి.

ఇంటర్వ్యూలో మురళి ఒకటే అడిగాడు. "బొమ్మలో తప్పుంటే కనిపెట్టి చెప్పగలరా మేడం?"

"ఇరవై రెండేళ్లుగా జీతం తీసుకుంటున్నది అందుకేనండీ," అన్నాను.

ఉద్యోగం ఇచ్చేశాడు. కెల్టులంటే ఎవరో నాకు తెలీదు, ఆయనకూ తెలీదు. ఆ మాట ఒకరికొకరం చెప్పుకోలేదు.

మాకొచ్చిన మొదటి పెద్ద పని ఒక స్ట్రాటజీ గేమ్. ఆడేవాడు ఆకాశంలోంచి చూస్తున్నట్టు చూస్తూ వందలమంది సైనికుల్ని అటూ ఇటూ నడిపి యుద్ధం చేస్తాడు. ఒకవైపు రోమన్లు, ఇంకోవైపు కెల్టులు. రోమన్లను ఇంకో దేశంలో ఇంకో స్టూడియోకి ఇచ్చారు. కెల్టులు మన నెత్తిన పడ్డారు.

చెవులకు చిల్లులు

మనిషి బొమ్మ ప్రతిసారీ మొదటినుంచి చేయరు. పాత ఒళ్లు ఒకటి తీసి, దానికి కొత్త బట్టలు తొడిగి, మొహం మార్చి పంపిస్తారు. ఇది ఈ వృత్తిలో ఎవరూ బయటికి చెప్పని సంగతి. మా దగ్గరున్న పాత ఒళ్లు ఒక పిల్లల పౌరాణిక కార్టూన్ కోసం చేసింది. విశాలమైన ఛాతీ, సన్నటి నడుము, కుండలాలు పెట్టుకోడానికి సాగిన తమ్మెలతో పెద్ద పెద్ద చిల్లుల చెవులు. కుండలాలు తీసేశాం. చిల్లులు పూడ్చడం ఎవరికీ తట్టలేదు. అరవైమంది కెల్టు వీరులు చిల్లుల చెవులతో క్లయింటు దగ్గరికి వెళ్లిపోయారు.

క్లయింటు సాయంత్రం ఫోన్లో అడిగింది, ఈ చెవులు చాలా ఆసక్తికరంగా ఉన్నాయి, ఏ ఆధారంతో చేశారు అని. మా మురళి తడుముకోకుండా "చాలా లోతుగా రీసెర్చ్ చేశామండీ," అన్నాడు. ఆవిడ మెచ్చుకుంది. ఆ చెవులు అలాగే ఉండిపోయాయి. ఇప్పటికీ ఆ గేమ్‌లో ఉన్నాయి, కనపడితే చూసుకోండి.

మురళి మంచివాడే, మాకు జీతం ఏనాడూ ఆపలేదు. కానీ క్లయింటు ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. "ఎదురు ప్రశ్న వేయకండి మేడం. వేస్తే మనకు తెలీదనుకుంటారు," అనేవాడు. ఇదే మా ఆఫీసు రాజ్యాంగం. తెలీనప్పుడు అడగొద్దు, తెలిసినప్పుడు చెప్పొద్దు. ఈ నియమం మీద ఎన్ని కంపెనీలు నడుస్తున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

మోండా మార్కెట్ బట్ట

యాదగిరి గురించి ఇక్కడ చెప్పాలి. మౌలాలి మనిషి. వాళ్ల నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యాడు. యాదగిరికి అప్పుడు ముప్ఫై రెండో మూడో, పెళ్లయి ఏడాది. మా స్టూడియోలో ఆ బొమ్మలు మోడలింగ్ చేసేవాళ్లు పదకొండుమంది ఉంటే, చేసే ముందు చదివేవాడు ఇతనొక్కడే. ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా డిక్షనరీ పక్కన పెట్టుకుని మ్యూజియంల వెబ్‌సైట్లన్నీ తవ్వేవాడు.

"మేడం, గీళ్లు ప్యాంట్లు ఏసుకునేటోళ్లంట. గళ్ల గళ్ల ప్యాంట్లు, మస్తు రంగులు. రోమనోళ్లు ఈళ్లను జూసి నవ్వేటోళ్లంట," అని ఒకరోజు వచ్చి చెప్పాడు.

గళ్ల బట్ట కావాలి. చేత్తో నేసిందై ఉండాలి, నూలు కాస్త ఎగుడుదిగుడుగా కనపడాలి. నేను మోండా మార్కెట్‌కి వెళ్లి వంకాయలు, చింతపండు కొన్నాక, పక్క సందులో మూడు గళ్ల లుంగీలు కొన్నాను. వాటిని డాబా మీద ఎండలో పరిచి ఫోటోలు తీసి, యాదగిరి చేసిన ప్యాంటు మీద వేశాం. క్లయింటు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అసలు సిసలు కెల్టు నేత, ఇంత ప్రామాణికంగా ఇంకెవరూ చేయలేదు అని. మురళి దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించాడు. లుంగీ ఒకటి మావారు కట్టుకున్నారు.

నవ్వుకోండి, కానీ ఒకటి గమనించండి. అది మోసమేమీ కాదు. చేనేత చేనేతే. రెండువేల ఏళ్ల కిందటి మగ్గమైనా, మన మగ్గమైనా దారం అడ్డంగా, నిలువుగానే పోతుంది. యాదగిరి చదివాడు కాబట్టి ఏం వెతకాలో నాకు తెలిసింది. వట్టి చెవుల రీసెర్చికీ దీనికీ తేడా అదే.

కల్నల్ గారి నుంచి కూడా నేనొకటి నేర్చుకున్నాను. అద్దె కోసం పైకి వచ్చిన ఆయన, మా కెల్టు వీరుడు నిలువెత్తు డాలును గుండెకెదురుగా ఎత్తిపట్టుకుని నిలబడ్డం చూసి, "ఎంతసేపు ఇలా ఉంటాడు వీడు?" అని అడిగారు. ఎవరికీ తెలీదు. మూలనున్న ప్లైవుడ్ బోర్డు తీసి యాదగిరి చేతికిచ్చి అలాగే పట్టుకోమన్నారు. అయిదు నిమిషాలకు యాదగిరి చెయ్యి వణికింది. పది నిమిషాలకు బోర్డు నేలకు ఆనించి దాని వెనకాల వంగి నిలబడ్డాడు. "అదీ సోల్జరంటే. ఫోటో తీసుకోండి," అని కల్నల్ గారు దిగి వెళ్లిపోయారు. చరిత్ర పుస్తకంలో లేనిది చేతి నొప్పిలో ఉంటుంది.

కొమ్ములు

ఇక క్లయింట్ల సంగతి. చరిత్ర ప్రకారమే చేయాలి అని ఒప్పందంలో మొదటి పేజీలోనే రాస్తారు. రెండో పేజీ నుంచి కొమ్ములు అడుగుతారు. కెల్టుల శిరస్త్రాణానికి కొమ్ములు కావాలి, ఒంటి నిండా నీలం రంగు కావాలి, సగం బట్టలిప్పి ఉండాలి, మోకాళ్ల దాకా గాగ్రా లాంటిది కావాలి. ఆ గాగ్రా ఎన్నో వందల ఏళ్ల తర్వాతి స్కాట్లండ్ వాళ్లదని యాదగిరి చెబితే, "అలాగే అనేయండి మేడం, గాగ్రాయే కదా," అన్నాడు మురళి.

యాదగిరికి కోపం వచ్చేది. "ఇనుప రింగులు అల్లి కవచం జేసుడు షురూ జేసిందే ఈళ్లంటున్నరు మేడం. రోమనోళ్లు ఈళ్లను జూసి నేర్సుకున్నరంట. అసొంటోళ్లను బట్టల్లేకుంట తిప్పుతరా?"

నాక్కూడా ఒక సంగతి అప్పుడే తట్టింది. కెల్టులు తమ గురించి తాము రాసుకున్నది దాదాపు ఏమీ లేదు. ఉన్నదంతా వాళ్లను ఓడించినవాళ్లు రాసింది. కొట్టినవాడే పంచనామా రాస్తే దెబ్బతిన్నవాడు తాగి పడిపోయాడనే ఉంటుంది. అది చదివి వీళ్లు ఆటవికులు అనుకోవడం మన తెలివి. ఈ ముక్క నేను అప్పట్లో చాలా గొప్పగా అందరికీ చెప్పేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులు.

మీసం

కెల్టుల నాయకుడు. ఆ గేమ్ డబ్బా మీద అచ్చయ్యే బొమ్మ అది. మూడు వారాలు కూర్చుని యాదగిరి ఒక్కడే చేశాడు. సున్నపు నీళ్లు పట్టించి వెనక్కి దువ్విన జుట్టు, మెడలో లావుపాటి మెలికల కంటె, గీసిన గడ్డం, పెద్ద మీసం. ఆ మీసం పై పెదవి మీంచి జారి నోటిని కప్పేసి గడ్డం దాకా కిందికి వేలాడుతోంది. తిండి తింటే మీసంలో ఇరుక్కునేదని పాతకాలంవాడెవడో రాశాడట. యాదగిరి ఆ వాక్యం కూడా ప్రింటు తీసి నాకిచ్చాడు.

మురళి వచ్చి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఏటి మేడం ఇది? హీరో కదా? మీసం అలా వేలాడిపోయిందేటి? ఎవడో కొట్టి కూర్చోబెట్టినట్టున్నాడు."

మనకు మీసమంటే సంగతి తెలిసిందే. గెలిచినవాడు మెలేస్తాడు, ఓడినవాడు దించుకుంటాడు. ఊళ్లో పందేలు కాసేది దానిమీదే. ఆ స్టూడియోలో ఉన్న ప్రతివాడికీ, నాతో సహా, ఆ బొమ్మ చూడగానే ఓడిపోయినవాడే కనిపించాడు. కెల్టులకు అలా కాదని కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం నా చేతిలోనే ఉంది.

మురళి వెళ్లిపోయాక నేను యాదగిరి దగ్గరికెళ్లి, "ఆ మీసం కొంచెం పైకి లేపు," అన్నాను.

"మేడం, కాయితం ఇచ్చిన గద మీకు."

"ఇచ్చావులే. లేపు. చివరలు మెలి తిప్పు. చూసేవాడికి హీరోలా కనపడాలి కదా."

"తప్పయితది మేడం."

"తప్పయితే నేను చూసుకుంటా."

ఆ మాట అన్నది నేనే. అరనిమిషం కూడా ఆలోచించలేదు. రెండు నెలల కిందటే నన్ను టీము మీద లీడ్‌ని చేశారు. చెప్పింది చేయించుకోవడమే లీడ్ పని అని నా ఉద్దేశం. యాదగిరి కాసేపు స్క్రీన్ వైపు చూసి, మీసం లేపాడు. బ్రహ్మాండంగా లేపాడు. పని చేయడంలో మాత్రం ఏనాడూ తక్కువ చేయలేదు.

తప్పు ఎవరిది

క్లయింటు ఈసారి బొమ్మల్ని ఒక చరిత్ర ప్రొఫెసర్‌కి చూపించింది. ఆయన చెవుల జోలికి పోలేదు, కొమ్ముల్ని భరించాడు. మీసం దగ్గర ఆగిపోయాడు. కెల్టు నాయకుడి గురించి అందరికీ తెలిసిన ఒకే ఒక్క ఆనవాలు కిందికి వేలాడే మీసం, దాన్ని కూడా తలకిందులు చేశారు, ఈ ఆర్టిస్టు ఒక్క రిఫరెన్స్ కూడా తెరిచి చూసినట్టు లేదు అని రాశాడు. డబ్బా మీది బొమ్మ కాబట్టి క్లయింటుకు మండింది. ఆ ఆర్టిస్టును తమ పనిలోంచి తీసేస్తేనే మిగతా పని ఇస్తామన్నారు.

మురళి మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచాడు. "ఎవరు చేశారు ఇది?" అన్నాడు.

ఫైలును చివర్లో ఎవరు సేవ్ చేస్తే దానిమీద వాళ్ల పేరే ఉంటుంది. నోటితో చెప్పినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఫైలు మీద యాదగిరి పేరుంది. ఈ గొడవ తన మాటతోనే మొదలైందని మురళి గుర్తుపెట్టుకోలేదు. ఆయన ఆ రోజు మీసం బాలేదన్నాడే గానీ లేపమనలేదు కూడా. లేపమన్నది నేను.

యాదగిరి నావైపు చూశాడు. ఒక్కసారే. చాడీ చెప్పేవాడు కాదు. నేను చెబుతానని చూశాడు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. గోడకు అంటించిన లుంగీ మెచ్చుకోలు చదువుతున్నట్టు నటించాను.

"సరే సార్," అన్నాడు యాదగిరి.

అప్పుడు మా దగ్గర ఆ ఒక్క గేమ్ పనే ఉంది. అందులోంచి తీసేయడమంటే ఉద్యోగంలోంచి తీసేయడమే. పైగా అప్పట్లో మన ఊళ్లో ఇలాంటి స్టూడియోలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అందరికీ అందరూ తెలుసు. రిఫరెన్స్ చూడని మనిషి అని యాదగిరికి పేరుపడిపోయింది. రెండుచోట్లకి వెళితే ఇంటర్వ్యూకి కూడా పిలవలేదట. మా అందరిలో చదివి పనిచేసిన ఒకే ఒక్కడికి ఆ పేరు. మీసం నేను మళ్లీ కిందికి దించాను. క్లయింటు భేష్ అంది. ఆ బొమ్మ మీద లీడ్‌గా నా పేరు పడింది.

ప్రతి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకుంటాం, అందరం కలిసి, గొంతు కలిపి. గుంపులో ఒప్పుకోవడం చాలా తేలిక.

గేమ్ బయటికొచ్చాక మా అక్క కొడుకు ఇంట్లో ఆడుతుంటే చూశాను. ఆకాశంలోంచి చూసే ఆట కదా, ఒక్కో కెల్టు నువ్వుగింజంత ఉన్నాడు. మీసం సంగతి దేవుడెరుగు, మొహమే కనపడలేదు. వాడు డబ్బా ఎప్పుడో పారేశాడు.

పిల్లలకు చెప్పేది

రిఫరెన్స్ చూడండి. చూశాక ఎవరైనా మార్చమంటే, మార్చమన్నవాళ్ల చేతే ఆ మాట రాయించి తీసుకోండి. వాళ్లెంత పెద్దవాళ్లైనా, వాళ్లు నాలాంటి మంచి మేడమే అయినా సరే. ముఖ్యంగా నాలాంటి మంచి మేడమైతే. మీ ఊరి అలవాటును రెండువేల ఏళ్ల కిందటి మనిషి మొహం మీద అంటించే ముందు ఒకసారి ఆగండి. లీడ్ అయ్యాక "నేను చూసుకుంటా" అనే మాట ఎప్పుడంటారో గుర్తుపెట్టుకోండి. అది అప్పులాంటిది కాదు, ఆలస్యంగా తీర్చినా తీరినట్టు కాదు.

మౌలాలి

రిటైరయిన ఏడాదికి మౌలాలి వెళ్లాను. యాదగిరి అక్కడే ఫ్లెక్స్ బ్యానర్లు ప్రింటు చేసే షాపు పెట్టుకున్నాడని ఎవరో చెప్పారు. దొరకడం కష్టం కాలేదు. ముందు గదిలో కంప్యూటరు, మెషిను. వెనక గదిలో వాళ్లావిడ నేలమీద కూర్చుని ఫ్లెక్సుల అంచులు కత్తిరిస్తోంది. యాదగిరి తల నెరిసింది. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచి వేశాడు.

"కూసోండ్రి మేడం. చాయ్ తెప్పిస్త. ఆరోగ్యం బాగున్నదా?"

చాయ్ వచ్చేదాకా ఆగితే నాకు ధైర్యం పోతుందని తెలుసు.

"యాదగిరీ, ఆ మీసం లేపమన్నది నేను. ఆ రోజు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నీ బతుకు పాడుచేశాను," అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అతను బల్ల మీది నీళ్ల సీసా నావైపు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకెర్కనే గద మేడం. నాతోనే గద అన్నరు."

నిజమే. అన్నేళ్లు గుండెల్లో మోసుకుని తెచ్చి, ప్రపంచంలో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషికి చెబుతున్నాను.

"మురళి సార్‌కు చెప్పిండ్రా?" అని అడిగాడు.

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్రు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. బ్యాగులోంచి ఫోన్ తీసి మురళికి చేశాను. అతనూ వినాలని స్పీకర్ పెట్టాను. మెషిను చప్పుడులో వినపడదని యాదగిరి దాన్ని ఆపేశాడు.

"చెప్పండి మేడం, ఎన్నాళ్లకి," అన్నాడు మురళి.

"యాదగిరి గుర్తున్నాడా మురళీ గారూ?"

"యాదగిరి... యాదగిరి... ఆ, అతనే కదా? రిఫరెన్స్ చూడకుండా పని చేసేసేవాడు. పాపం, మనిషి మంచోడే."

యాదగిరి తల దించుకుని కీబోర్డు చూస్తున్నాడు.

"కాదండీ," అన్నాను. "రిఫరెన్స్ చూసింది అతనొక్కడే. మీసం కిందికే పెట్టాడు. కాగితం తెచ్చి నాకిచ్చాడు, తప్పయిపోతుందని చెప్పాడు. లేపమన్నది నేను. మీరడిగిన రోజు నోరు మూసుకున్నదీ నేనే."

"ఏటి మేడం మీరనేది?" అన్నాడు మురళి. వెనక గదిలో కత్తెర ఆడుతున్న చప్పుడు ఆగింది.

యాదగిరి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకోపారి చెప్పుండ్రి మేడం," అన్నాడు. "జెర గట్టిగ. మా ఆమె సుత ఇనాలె."